మట్టికి కాపలా కాసిన కొమురయ్య మామ

మా మేనమామ కొమురయ్య ఇక లేరు. మొన్న పొద్దున్నే అత్త ఫోన్ చేసి "బిడ్డా, మీ మామ లేస్తలేడు" అన్నప్పుడు, హనుమకొండ బస్సు కోసం నిలబడి ఉన్న నాకు ఆ మాట అర్థమే కాలేదు. "మళ్లొకసారి లేపి చూడు అత్తా" అన్నాను. నిద్రలోనే గుండె ఆగిపోయిందట. ఈ నాలుగు మాటలు రాస్తున్న ఈ క్షణంలోనూ ఆ వార్తను నా మనసు అంగీకరించడం లేదు.

వరంగల్లులో లారీలు ఆగే రోడ్డు వెనుక మా గల్లీ, దాని మొదట్లో ఆయన మెకానిక్ షెడ్డు. ఔదార్యం ఆయనకు సహజాభరణం. లారీ ఇంజన్లలోంచి దింపిన కాలిన ఆయిల్‌ను ఎన్నడూ అమ్ముకోలేదు. చెదలు పట్టకుండా ఇంటి పునాదుల్లో ఆ ఆయిల్ పోయడం మా గల్లీ ఆనవాయితీ. ఎండాకాలం దుమ్ము లేవకుండా దారి పొడవునా అదే చల్లేవాళ్లం. డబ్బా పట్టుకొని వెళ్లినవాళ్లెవరూ ఉత్తచేతులతో తిరిగి రాలేదు. "నలుగురికి పనికొచ్చేదానికి పైసలేంది" అని నవ్వేవారు. మా ఇంటి పునాదిలోనైతే పూజ చేసినంత శ్రద్ధగా స్వహస్తాలతో పోశారు.

కొన్నేళ్లకు బోరు నీళ్లు కిరసనాయిలు కంపు కొట్టసాగాయి. బిందెలో పైన రంగురంగుల తెట్టు. అధికారులు వచ్చి మట్టిని పరీక్షకు తీసుకెళ్లారు. ఆయిల్ లోలోపలికి ఇంకిందనీ, అందులోని విషాలు అంత తొందరగా పోవనీ, ఆ నీళ్లు తాగొద్దనీ, పెరట్లో కూరగాయలు పెట్టొద్దనీ చెప్పారు. మరి మేం ఏం చేయాలో మాత్రం చెప్పలేదు. ఆ సాయంత్రమే మామ ఇంటింటికీ తిరిగి "ఇది నేనిచ్చిన ఆయిలే" అని చెప్పుకున్నారు. పక్కింటి యాదమ్మ "అడిగి తీస్కపోయింది మేమే గదనే" అని సముదాయించబోతే, "అడిగెటోళ్లకు తెల్వది. ఇచ్చెటోనికన్న తెల్వాలె గద" అన్నారు.

షెడ్డు మూసేసి, తన వాకిట్లో నల్లబడ్డ మట్టిని తవ్వడం మొదలుపెట్టారు. అది గుట్టంత అయ్యాక ట్రాక్టర్ పిలిపించారు. "యాడ పొయ్యాలె కాకా?" అన్నాడు డ్రైవర్. చెరువు పక్కన పోయమన్నారు ఎవరో. "ఆడ బర్లు నీళ్లు తాగుతయి" అన్నారు మామ. ఊరవతల అన్నారు ఇంకొకరు. "ఆడ వరి పండుతది." ట్రాక్టర్ ఖాళీగా వెళ్లిపోయింది. వానకు విషం మళ్లీ నేలలోకి దిగకుండా ఆ గుట్ట మీద టార్పాలిన్ కప్పి, మబ్బు పట్టినప్పుడల్లా దాని అంచుల మీద రాళ్లు సర్దుతూ అక్కడే కూర్చునేవారు.

ఇల్లు అమ్మి తన పుట్టిల్లు తొర్రూరుకు పోదామని అత్త పోరగా పోరగా మామ ఒప్పుకున్నారు. తీరా కొనేవాడు వచ్చి కూర్చోగానే నీళ్ల సంగతంతా ఆయనే విప్పి చెప్పారు. ఆ మనిషి చాయ్ కూడా తాగకుండా లేచాడు. కబురు బజారంతా పాకింది, ఆ తర్వాత మా గల్లీ ముఖం చూసినవాడు లేడు. "నువ్వు మంచోనివి గావాల్నని మా అందర్ని ఈడనే కట్టేస్తివి గదనే" అని యాదమ్మ దుమ్మెత్తిపోసింది. ఇల్లు అమ్ముకొని వెళ్లాలని ఆశపడ్డ నాకూ ఒళ్లు మండింది. మామ తల వంచుకొని విన్నారు. "నిజమే. గాని ఆ కొనేటోనికి చిన్న పిల్లలున్నరు బిడ్డా" అన్నారు.

మొన్న ఆయన్ను వాకిట్లో పడుకోబెట్టగానే వాన అందుకుంది. ఆయన మీద కప్పడానికి ఎవరో గుట్ట మీది టార్పాలిన్ లాగబోయారు. అత్త ఏడుపు ఆపింది. "దాన్ని ముట్టకుండ్రి. ఆయన తడుస్తె ఏం గాదు. అది తడువొద్దు" అంది. యాదమ్మ వెళ్లి, జారిపడ్డ రాయిని తిరిగి అంచు మీద పెట్టింది.

మామా, నీ వంటి మనిషి మాకు మళ్లీ దొరకడు. ఇవే నా అశ్రునివాళులు. నీ గుట్టను ఎక్కడికి తీసుకెళ్లాలో మాకూ తెలియదు. ఇవాళ మళ్లీ మబ్బు పట్టింది, నేను మీ వాకిట్లోకి వెళ్తున్నాను.