మా మేనకోడలి ‘తెలీదు’

ఊరి బడిలో ఐదో తరగతితో ఆపినా, ఐదేళ్లూ మొదటివాణ్ణి నేనే. ఆ తర్వాత పశువుల పోటీల్లో నలభై ఏళ్లు తీర్పరిగా కూర్చున్నాను. రెండు ఎద్దుల్ని పక్కపక్కన నిలబెడితే ఏది ముందు చతికిలబడుతుందో చూపుతోనే చెప్పేవాణ్ణి. అంతటివాడికి నోట్లో నాలుక లేని మేనకోడలు. ఏమడిగినా "తెలీదు మావయ్యా" అనేది. అలాంటిది గుండెజబ్బుల వార్డులో పద్దెనిమిదేళ్లుగా నర్సుగా నెగ్గుకొస్తోందంటే, అక్కడ మనుషులకు కరువొచ్చిందేమో అనుకునేవాణ్ణి.

మా ఆవిడ గుండె నీరసించి, రక్తపోటు పడిపోయి ఆ వార్డులోనే చేరింది. గుండెకు బలమిచ్చే మందులు రెండున్నాయట. ఏది మేలో తేల్చడానికి ఆసుపత్రివాళ్లు పరీక్ష పెట్టారు. ఎవరికి ఏది ఎక్కుతోందో డాక్టరుకు కూడా తెలియకుండా సీసాలన్నిటికీ ఒకే రంగు తొడుగు. మా ఆవిడనీ అందులో చేర్చుకోమని సంతకం పెట్టేశాను. పోటీలు నాకు కొత్తా?

రెండోనాడు పక్క మంచం మేస్త్రీ లేచి కూర్చుని పేపరు చదువుతున్నాడు. మా ఆవిడ కళ్లే తెరవలేదు.

"అమ్మాయ్, ఆయన మందే మీ అత్తయ్యకీ పెట్టు."

"ఆయనకేది ఎక్కుతోందో తెలీదు మావయ్యా."

"నీకెప్పుడేం తెలిసింది గనక!"

అది అటు తిరగ్గానే మా ఆవిడ సీసా తొడుగు పైకి జరిపాను. తీరా చూస్తే పేరే లేదు, ఒక నంబరు! ఈలోగా గొట్టం మడత పడింది. మిషను కూత పెట్టింది. రక్తపోటు అంకెలు దిగిపోతున్నాయి. మేనకోడలు ఒక్క అంగలో వచ్చి మడత విప్పింది.

"చెయ్యి తీయండి! వెళ్లి బయట కూర్చోండి!"

నలభై ఏళ్లలో నన్ను కుర్చీలోంచి లేపినవాడు లేడు. వెళ్లి బయట బల్లమీద కూర్చున్నాను. అద్దంలోంచి చూస్తే, అది రక్తపోటు చూడ్డం, మూత్రం కొలవడం, డాక్టరుకు చెప్పి చుక్కలు పెంచడం, తగ్గించడం. డ్యూటీ దిగినా ఇంటికి పోలేదు.

మూడోనాడు మేస్త్రీ చనిపోయాడు. ఐదోనాడు మా ఆవిడ మంచినీళ్లడిగింది.

ఏడాదికి ఫలితం తేలింది. రెండు మందులకూ చెప్పుకోదగ్గ తేడా లేదట. పైగా మేస్త్రీకీ మా ఆవిడకీ ఎక్కింది ఒకటేనట!

"మరి మీ అత్తయ్య ఎలా బతికిందే?"

"తెలీదు మావయ్యా. ఏ గంటకి మూత్రం ఎంతొచ్చిందో అడగండి, చెప్తాను."

మా ఆవిడ పకపకా నవ్వింది. "ఒకే ఎద్దుని రెండు చోట్ల చూసి తీర్పు చెప్పబోయారన్నమాట!"

నా ఘనతలన్నీ రాద్దామని కొన్న పుస్తకమిది. మొదటి పేజీ మేనకోడలికిచ్చాను. ఎద్దులు రెండో పేజీ నుంచి.