కిటికీలు లేని ఊరు

సిర్గిట్టి ఫ్యాక్టరీల మీదుగా ఆఫీసుకు వెళుతుంటే ఏదో వర్క్‌షాపులోంచి టర్పెంటైన్ వాసన వచ్చింది. అప్పుడే వాన వెలిసింది. స్కూటీ పక్కకు ఆపి, హెల్మెట్ అద్దం పైకెత్తి నిలబడిపోయాను. ఆ వాసన ఉన్నంతసేపూ నేను బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్స్‌లో, పార్వతి టీచర్ వెనక వరండాలో కూర్చున్న పదో తరగతి పిల్లనే.

పార్వతి టీచర్ మా పక్క క్వార్టర్‌లో ఒక్కరే ఉండేవారు. రైల్వే స్కూల్లో డ్రాయింగ్ చెప్పేవారు. మాలాగే వాళ్ల పెద్దలూ విజయనగరం వైపు నుంచి రైల్వే పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయినవాళ్లు. నేను నలుగురిలో నోరు విప్పని పిల్లని. ఇంటికి చుట్టాలొస్తే పుస్తకం పట్టుకుని ఆవిడ వరండాలోకి పారిపోయేదాన్ని. ఎందుకొచ్చావని ఆవిడ ఎప్పుడూ అడగలేదు. బ్రష్షులు చేతికిచ్చి కడగమనేవారు, అంతే.

ఆదివారాలు నన్ను అర్పా ఒడ్డుకు తీసుకెళ్లేవారు. మా నది చాలా నెలలు ఉత్త ఇసుకే. వానలు పడితేనే ఊరికి తన ముఖం చూసుకోవడానికి కాసిన్ని నీళ్లు దొరుకుతాయి. మొదటిసారి నేను నీళ్లకు నీలం పూసి, ఎదుటి ఒడ్డు మేడలకు వరసగా కిటికీలు గీశాను.

"ఏటమ్మా, ఆ కిటికీలు నీకు అగుపించాయా?" అన్నారు టీచర్.

"మేడలకి కిటికీలుంటాయి కదా టీచర్."

"ఉంటాయని నీకు తెలుసు. నానడిగింది అగుపించాయా అని."

కళ్లు సగం మూయమన్నారు. మూసేసరికి కిటికీలు పోయాయి. మేడలు కూడా పోయి, లేతగా కొన్ని, ముదురుగా కొన్ని మరకలు మిగిలాయి. నీళ్లు ఏ రంగని అడిగితే గోధుమ రంగన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపారు. రంగు పేరు చెప్పకూడదు, దేనిలా ఉందో చెప్పాలి. అది ఆవిడ దగ్గర నియమం. చాలాసేపు చూసి, "పాలు తక్కువైన టీలా ఉంది, ఆకాశం పడినచోట బియ్యం కడిగిన నీళ్లలా ఉంది" అన్నాను. ఒక మనిషి ఎదుట నేను ఆగకుండా మాట్లాడిన మొదటి పెద్ద వాక్యం బహుశా అదే.

మా నాన్న లోకో పైలట్. ఆయనకు ఉన్నవి సిగ్నల్‌లోని మూడే రంగులు. గోడ అవతల నుంచి టీచర్‌ని ఏడిపించేవారు. "ఎరుపంటే ఎరుపే టీచర్ గారూ. కొంచెం ఎరుపు, కొంచెం ఇంకోటి అంటే నాను బండి ఆపాలా, నడపాలా?"

"నా బొమ్మ ఎక్కడికీ పోదు తమ్ముడూ. దానికి మీ సిగ్నలెందుకు?" అనేవారావిడ.

ఆ ఏడే టీచర్ రిటైర్మెంట్, క్వార్టర్ ఖాళీ చేయాలి. అన్నగారి దగ్గరకు విజయనగరం వెళ్లిపోవాలి. పుట్టి పెరిగిన ఈ ఊరు వదిలేముందు ఆవిడకు ఒక్కటే కోరిక, తను వేసిన ఊరి బొమ్మ కాలనీ హాల్లో ఉండాలని. ఆ వానాకాలమంతా పెద్ద క్యాన్వాసు మీద అదే వేశారు. కాలనీ అంతా నిద్రలో ఉండగా ఒడ్డుకు వెళ్లి, చూసింది మరిచిపోకముందే వచ్చి రంగులు కలిపేవారు. బొమ్మలో ఊరు ఉందో లేదో అన్నట్టు ఉంటుంది. నీళ్లలో మాత్రం ఒక ఎర్రటి చార వణుకుతూ ఉంటుంది.

హాలు బాధ్యత చూసే పెద్దాయన వచ్చి బొమ్మను అటూ ఇటూ తిరిగి చూశారు. "బాగుంది గానీ, పూర్తవలేదేటి టీచర్ గారూ? ఒక్క ఖిడికీ లేదు. ఏ ఊరో ఎలా తెలుస్తాది? నాలుగు కిటికీలెట్టి కింద పేరు రాసీయండి, గోడకి ఎక్కించీద్దాం. అచ్ఛా?"

టీచర్ తలూపారు. మర్నాడు పొద్దున్న నేను వెళ్లేసరికి సన్న బ్రష్ నల్లరంగులో ముంచి కూర్చున్నారు. "వెళ్లిపోయేదాన్ని. గోడ మీద ఉండాలంటే నాలుగు కిటికీలేటి పెద్ద" అన్నారు, నాతో కాదు, బ్రష్‌తో. వద్దనలేక, కడిగిన బ్రష్షులే మళ్లీ కడుగుతూ కూర్చున్నాను.

అప్పుడే నాన్న నైట్ డ్యూటీ దిగి, బ్యాగు భుజాన వేసుకుని వచ్చారు. సామాన్లకు లారీ మాట్లాడానని చెప్పడానికి వచ్చి బొమ్మ ముందు ఆగిపోయారు. వేళాకోళమేమీ ఆడలేదు.

"ఇది తెల్లారగట్ట కదా టీచర్ గారూ" అన్నారు.

బ్రష్ గాలిలో నిలిచిపోయింది.

"బండి వంతెన మీదకొచ్చేసరికి ఊరు ఇలాగే ఉంటాది. ఇంకా లెగదు. మేడేదో మబ్బేదో తెలీదు. ఇంటికొచ్చీసినాం అనిపిస్తాది, అంతే." వేలితో ఆ చార చూపించారు. "ఇది మా సిగ్నలే. నీళ్లలో పడితే ఇలా దానిమ్మ గింజలాగ అయిపోతాది."

"ఎరుపంటే ఎరుపేనన్నారు?"

"పైన ఎరుపే. కింద వేరే."

టీచర్ నవ్వలేదు. బ్రష్‌ని చీర కొంగుకే తుడిచేసుకున్నారు. మరక పోదని తెలిసి కూడా.

ఆ బొమ్మ హాలు గోడకు ఎక్కలేదు. వెళ్లేరోజు దాన్ని మా నాన్న చేతుల్లో పెట్టారు. ఇప్పుడు మా ముందు గదిలో ఫ్రిజ్ పైన గోడకు ఉంది. వచ్చినవాళ్లు ఇది ఏ ఊరని అడుగుతారు. నాన్న ఊరి పేరు చెప్పరు, వేళ చెబుతారు.

విజయనగరం నుంచి ఆవిడ ఆదివారాలు ఫోన్ చేసేవారు. కుశల ప్రశ్నలు తరవాతే. ముందు, "అర్పా దేనిలాగుందమ్మా?" ఫోన్ మోగితేనే బెదిరే నేను ఆ ఒక్క ప్రశ్నకు మాత్రం తడుముకోకుండా చెప్పేదాన్ని. కిందటేడు ఆవిడ కన్నుమూశారు. అడిగేవాళ్లు లేకపోయినా నా డైరీలో ప్రతి పేజీ మొదటి వాక్యం ఆ ప్రశ్నకు జవాబే. ఎవరిని కలిశాను, ఏం బాధపడ్డాను అన్నవన్నీ దాని కిందే.

ఈ సాయంత్రం తిరిగొస్తూ అర్పా దాటించే తోర్వా వంతెన మీద ఆగి, కళ్లు సగం మూసుకుని చూశాను. నీళ్లు చింతపండుతో తోమిన ఇత్తడి చెంబు లోపలి మెరుపులా ఉన్నాయి టీచర్. కిటికీలు అగుపించలేదు.