ఆరు నెలలు పాడుపెట్టమన్న ఇల్లు

ఇల్లు అద్దెకిచ్చేవాళ్ళకి కూడా చదువు కావాలని నేనంటే మా వీధి నవ్వింది. నవ్వితే నవ్వారు. చీరాలలో మా ఇంటిని ఆనుకుని రెండు గదులూ వంటిల్లూ ఉన్న వాటా కట్టించిన ఏడాది, గోడలు ఆరకముందే నేను శాఖా గ్రంథాలయానికి వెళ్ళి, అద్దెకిచ్చేవాళ్ళ బాధ్యతల గురించి పుస్తకం ఏదైనా ఉందా అని అడిగాను. పదో తరగతితో బడి మానేసినదాన్ని. ఆ తర్వాత నేర్చుకున్నదంతా ఆ గ్రంథాలయం బెంచీ మీద నేర్చుకున్నదే. ఆడవాళ్ళు సీరియళ్ళ కోసం తప్ప రారని అనుకునే అక్కడి ఉద్యోగి నన్ను ఎగాదిగా చూసి, అట్ట ఊడిపోయిన న్యాయశాస్త్రం పుస్తకం ఒకటి దులిపి ఇచ్చాడు. వారం రోజులు కూర్చుని నోటుబుక్కులోకి ఎక్కించుకున్నాను.

కప్పు కారితే బాగుచేయించాల్సింది ఇంటివాళ్ళు. అద్దెకున్నవాళ్ళతో తగాదా వచ్చినా నీళ్ళూ కరెంటూ ఆపకూడదు. చెప్పకుండా వాళ్ళ గుమ్మంలో అడుగుపెట్టకూడదు. ఈ చివరిది చదివినప్పుడు నా ఇంట్లోకి నేను వెళ్ళడానికి ఒకరిని అడగాలా అనిపించింది. రెండోసారి చదివితే సబబే అనిపించింది.

"అద్దెకివ్వడానికి పుస్తకం ఎందుకే తల్లీ? టులెట్ బోర్డు కడితే చాలదా?" అంది మా పక్కింటావిడ ప్రహరీ మీదుగా.

"బోర్డు చూసి వాళ్ళు వస్తారు పిన్నీ. వచ్చాక నేనేం చెయ్యాలో బోర్డు చెప్పదుగా" అన్నాను.

ఒప్పందం నేనే రాశాను. స్టాంపు కాగితం మీద, నా సొంత దస్తూరీతో, రెండు ప్రతులు. మావారు పత్తి మిల్లులో గుమాస్తా. ఆయన చూసి తలూపారు. ఆయన అన్నగారు, అంటే మా బావగారు, వీధి చివర ఉంటారు. నాలుగు ఇళ్ళు అద్దెకిచ్చిన అనుభవం ఆయనది. కళ్ళజోడు పెట్టుకుని మొదటి నుంచి చివరి దాకా చదివి, "బాగానే రాశావమ్మాయ్. అసలుదే మర్చిపోయావు" అన్నారు. ఆ అసలుదేమిటో ఆయనే చెప్పారు, నేను రాశాను: ఇంట్లో పురుడు గానీ చావు గానీ జరగరాదు, అలాంటి పరిస్థితి వస్తే అద్దెకున్నవారు ముందుగా ఆ మనిషిని వేరేచోటికి తరలించాలి.

మా వైపు ఆ షరతు లేని అద్దె ఇల్లు లేదు. చాలామంది కాగితం మీద పెట్టరు, నోటితో చెప్తారు. నేను పుస్తకంలో వెతికాను. దాని గురించి ఒక్క ముక్క లేదు. అయినా రాశాను. నేను రాసిన కాగితాన్ని ఇంట్లో మొదటిసారి ఒకరు పూర్తిగా చదివి బాగుందన్నారు, ఆ మురిపెంలో కలం ఆగలేదు.

వాటాలోకి వచ్చింది ఒక మాస్టారు, ఆయన భార్య. సర్కారు బడిలో కొత్తగా ఉద్యోగం వచ్చినవాడు. పర్చూరు వైపు పల్లె. వాళ్ళు చర్చికి వెళ్ళేవాళ్ళని తెలిసి వీధిలో ఇద్దరు ముగ్గురు నా దగ్గర గొంతు తగ్గించి మాట్లాడారు. నేను గొంతు పెంచి జవాబు చెప్పాను. తర్వాత ఎవరూ అడగలేదు.

రెండేళ్ళు బాగా గడిచింది. మొదటి వానకే వంటింటి కప్పు కారితే మూడో రోజుకల్లా మేస్త్రీ చేత ప్లాస్టరింగు చేయించాను. డాబా మీదికి మెట్లు వాళ్ళ వరండాలోంచే. మిరపకాయలు ఎండబోసినప్పుడల్లా గంప నెత్తిన పెట్టుకుని "మాస్టారూ, పైకి వెళ్తున్నానండీ" అని కేకేసి, లోపల్నుంచి "రండి" అని వినబడ్డాకే మెట్టెక్కేదాన్ని. నా డాబాకి నేను అనుమతి అడగడం మా పక్కింటావిడకి రోజూ ఉచితంగా దొరికే వినోదం.

ఆ తర్వాతి వేసవి మొదట్లో మాస్టారు వాళ్ళమ్మని గుంటూరు ఆసుపత్రిలో చేర్చారు. మిరప చేలల్లో కూలికి వెళ్ళి కొడుకుని చదివించిన మనిషి. పల్లెలో ఉన్న ఒక్క పాకా అంతకుముందు ఏడు గాలివానకి పడిపోయింది. రెండు వారాలకి ఒక మధ్యాహ్నం మాస్టారు మా గుమ్మంలో నిలబడ్డాడు. వెనక ఆయన భార్య.

"ఇంక చేసేది లేదు, ఇంటికి తీసుకెళ్ళమన్నారండీ" అన్నాడు.

"అయ్యో. ఎప్పుడు తెస్తున్నారు?"

"ఇక్కడికి కాదండీ. చర్చి వెనక రేకుల షెడ్డు ఉంది. పాస్టరుగారిని అడిగాను, సరే అన్నారు. రోజూ ఇద్దరం అటూ ఇటూ తిరుగుతాం, అదే మీకు చెబుదామని."

"రేకుల షెడ్డా? ఈ ఎండల్లోనా?"

"అగ్రిమెంటులో ఉంది గదండీ" అన్నాడు. ఎత్తిపొడుపుగా అనలేదు. ఎత్తిపొడిచినా బాగుండేది.

రోడ్డు పక్కన మంచం వేసి, పైన ప్లాస్టిక్ పట్టా కట్టి, పోయే ప్రాణాన్ని దాని కింద ఉంచడం నేను మా వీధిలోనే చూశాను. ఇంటివాళ్ళు వద్దన్నారట అని అందరూ మామూలుగా చెప్పుకున్నారు. నేనూ ఆ మంచం పక్కనుంచి గ్రంథాలయానికి నడిచి వెళ్ళినదాన్నే.

"మీ ప్రతి తెండి మాస్టారూ" అన్నాను.

ఆయన తెచ్చాడు. నాది బీరువాలోంచి తీశాను. రెండింటిలో ఆ లైను అడ్డంగా కొట్టేసి, మార్జిన్‌లో సంతకం పెట్టి, ఆయన చేత పెట్టించాను. కొట్టివేతకి ఇద్దరి సంతకాలూ ఉండాలని పుస్తకంలో ఉంది. నాకు భయం వేయలేదని చెప్పను. మర్నాడు పొద్దున్నే ఆమెని ఆటోలో తెచ్చి కిటికీ పక్కన మంచం మీద పడుకోబెట్టారు.

సాయంత్రానికల్లా బావగారు వచ్చారు.

"ఏంటమ్మాయ్, ఆ ముసలమ్మని లోపల పెట్టావంట?"

"నేను పెట్టడమేంటి బావగారూ? వాళ్ళింట్లో వాళ్ళమ్మ ఉంది."

"వాళ్ళిల్లా? ఇల్లు నీదా, వాళ్ళదా?"

"కట్టింది మేము. ఉంటోంది వాళ్ళు."

"నీ చేత్తో రాశావుగా కాగితం!"

"రాశాను. నిన్న కొట్టేశాను."

ఆయన మావారి వైపు తిరిగారు. "ఏరా, నువ్వేం మాట్లాడవేం? నక్షత్రం మంచిది కాకపోతే ఆరు నెలలు ఇల్లు పాడుపెట్టాలి. తాళం వేసుకుని కూర్చుంటారా?"

"వాళ్ళకి నక్షత్రాల పట్టింపు లేదండీ" అన్నాను నేను.

"వాళ్ళకి లేకపోతే ఏం? ఇల్లు మనది గదా! ఇంటికుంటది పట్టింపు!"

ప్రహరీ అవతల్నుంచి పక్కింటావిడ గొంతు వినిపించింది. "ఇంటికి కూడా జాతకం రాయించారా అన్నయ్యగారూ?" ఆవిడ నోటికి నా వైపు, ఆయన వైపు అని ఉండదు.

మావారు నెమ్మదిగా, "కొట్టేసిన లైను మళ్ళీ రాయాలంటే ఇంకో స్టాంపు కాగితం తేవాలన్నయ్యా. ఇవాళ దొరకదు, ఆదివారం" అన్నారు. మా పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన వాళ్ళన్నకి ఎదురు చెప్పింది ఆ ఒక్కసారే.

ఆమె ఇరవై రోజులు బతికింది. మొదటిరోజు నేను గంపతో వరండా దాటుతుంటే కిటికీలోంచి పిలిచింది. "అమ్మగారూ, ఆ కాయ ఎక్కడిది?"

"మా పుట్టింటిదమ్మా."

"ఇటు తే." ఒక కాయ తుంచి వాసన చూసి మొహం చిట్లించింది. "ఎండ చాల్లా. తాలు కూడా కలిసింది. ఏరలా?"

తెల్లబారిన పుచ్చు కాయల్ని తాలు అంటారు. "ఏరాం" అన్నాను రోషంగా.

"కళ్ళతో ఏరారా, ఒట్టి చేతుల్తో ఏరారా?"

ఆ రోజు నుంచి చేట ఆమె ఒళ్ళోకి చేరింది. పడుకునే ఏరేది. ఓపిక ఉన్నంతవరకు ఏరింది, లేనప్పుడు వేలు చూపించి నా చేత ఏరించింది. "అమ్మగారూ" పోయి "అమ్మాయ్" అయింది. ఒకరోజు కాయ మీంచి కళ్ళెత్తకుండానే అడిగింది.

"నేను పోతే ఇల్లు పాడుపెట్టమంటున్నారంటగా?"

"ఎవరు చెప్పారు?"

"ఎవరో చెప్పాలా? మీ బావగారి గొంతు మిల్లు కూత గదా."

"నేను పెట్టను."

"పెట్టమాక. వీళ్ళెక్కడికి పోతారు?"

ఒక శనివారం పొద్దున ఏడింటికి పోయింది. కొడుకు చేతిలో చెయ్యి ఉంది. చర్చివాళ్ళు వచ్చి వరండాలో పాటలు పాడారు. బావగారు వచ్చి గేటు దగ్గరే నిలబడి, "ముందునుంచి వద్దు. వెనక సందులోంచి తీసుకుపొమ్మను" అన్నారు. ఆ సందులో మురిక్కాలవ, దాని మీద ఒక్క మనిషి పట్టే పలక. నేను ఆయన పక్కనుంచే వెళ్ళి గేటు రెండు తలుపులూ తీసి, గాలికి మూసుకోకుండా ఇటుకలు అడ్డం పెట్టాను. ఆమె ముందునుంచే వెళ్ళింది. తిరిగి చూస్తే బావగారు లేరు.

మధ్యాహ్నం ఆయన దగ్గర్నుంచి కబురు. పురోహితుడిని అడిగారట. నక్షత్రం అసలు మంచిది కాదట, పూర్తిగా ఆరు నెలలట. ఆ కబురు నాకంటే ముందు మాస్టారికి చేరింది. నేను వెళ్ళేసరికి ఆయన గిన్నెలు గోనెసంచిలో సర్దుతున్నాడు.

"మీరు మా కోసం చాలా మాటలు పడ్డారండీ. ఇంక చాలు. మేం వెళ్ళిపోతాం."

నాకు ఏడుపు వచ్చింది, కోపం కూడా వచ్చింది. కోపమే ముందు బయటపడింది. "ఖాళీ చేయాలంటే నెల ముందు చెప్పాలని ఇద్దరం రాసుకున్నాం. చెప్పారా?"

"లేదండీ."

"మరి ఆ గిన్నెలేంటి గోనెసంచిలో?"

ఆయన భార్య నవ్వబోయింది, అది ఏడుపైంది, ఏడుస్తూనే సంచిలోంచి గిన్నెలు ఒక్కొక్కటే తీసి మళ్ళీ అరుగు మీద పెట్టింది. నేను మా పొయ్యి మీద వండిన అన్నం తెచ్చి ముగ్గురికీ వడ్డించాను. ఆ గదిలోనే, ఆ మంచం పక్కనే కూర్చుని తిన్నాం.

ఇంకా నాలుగేళ్ళు ఉన్నారు వాళ్ళు. ఆ మొదటి ఆరు నెలలూ బావగారు మా గేటు దాటి రాలేదు. మాకు ఏమవుతుందా అని వీధి వీధంతా కనిపెట్టుకుని ఉంది. మావారికి ఒకసారి జలుబు చేస్తే కూడా ఎవరో ఒకావిడ వచ్చి పరామర్శించి, ఆ వాటా వైపు చూసి నిట్టూర్చింది. ఆవిడకి కాఫీ ఇచ్చాను. ఆ కాఫీకి పాలు మాస్టారి భార్య దగ్గర అరువు తెచ్చినవని కూడా చెప్పాను.