వంకాయ ఆవు

అయ్యాసామి విరుదునగర్‌లో నూలుమిల్లు ఫిట్టరు. శనివారం సాయంత్రం పాసింజరు బండిలో కోవిల్‌పట్టి ఇంటికి వచ్చేవాడు, సోమవారం తెల్లవారకముందే వెళ్ళిపోయేవాడు. అతని భార్య సంతానలక్ష్మి సంసారమంతా ఆ మధ్యనున్న ఆదివారమే.

తొంభై ఆరులో మిల్లు జపాన్ యంత్రాలు తెప్పించి, పని నేర్చుకు రమ్మని అతన్ని ఆ దేశానికి పంపింది. తిరిగొచ్చాక ఎన్నో ఆదివారాలు అవే కబుర్లు. నారా ఊళ్ళో మనుషులకు తల వంచే జింకలు, గడప దగ్గరే చెప్పులు విడిచే ఇళ్ళు. ఆమెకు అన్నిటికన్నా నచ్చింది అక్కడి పెద్దల పండుగ. ఆగస్టులో చనిపోయినవాళ్ళు ఇల్లు చూసిపోవడానికి వస్తారట. త్వరగా రావాలని కీరదోసకాయకు పుల్లల కాళ్ళు గుచ్చి గుర్రం చేస్తారు. తిరిగి పోయేటప్పుడు నిదానంగా పోవాలని వంకాయతో ఆవు చేస్తారు.

"అట్లయితే నీ సోమవారం బండికి ఒక వంకాయని కట్టు మామా," అందామె. అతను పొట్ట పట్టుకుని నవ్వాడు.

రెండువేల రెండులో మిల్లులోనే అతని గుండె ఆగిపోయింది. ఆ తర్వాత కూడా శనివారం బండి కూత వినబడితే, ఆమె చేతులు వాటంతటవే పొయ్యి మీద వేణ్ణీళ్ళు పెట్టేవి.

పోయినవాళ్ళకు పెట్టుకునే ఆడి అమావాస్య వచ్చింది. సంతానలక్ష్మి అగ్గిపుల్లల తలలు విరిచి, ఆ పుల్లల్ని కీరదోసకాయకు కాళ్ళుగా గుచ్చింది. ఒరిగిపోతుంటే ఒక కాలు మార్చి, అతని పటం ముందు నిలబెట్టింది.

"ఏందే ఇది, పిల్లకాయల ఆటా?" అంది అత్త రాక్కమ్మాళ్.

"నీ కొడుకు చెప్పినదే అత్తా. దీనిమింద ఎక్కి వస్తాడంట."

"సైకిలు తొక్కనే సరిగా రాదు వానికి, గుర్రం ఎక్కుతాడా!" అంటూనే ముసలామె వంగి, గుర్రం మొహాన్ని ఇంట్లోకి తిప్పింది. "ఇంకొకటి ఉండాల కదే, తిరిగి పోయేదానికి వంకాయది. నాకూ చెప్పినాడు. అదేడ?"

సంతానలక్ష్మి తల ఎత్తలేదు. "కూర చేసేసినా."

రాక్కమ్మాళ్ మిద్దె మీద కాకికి అన్నం పెట్టి వచ్చి, ఆకు ముందు కూర్చుంది. గిన్నెలోని కూరంతా తన ఆకులో వంపుకోబోయి ఆగి, సగం కోడలి ఆకులోకి తోసింది.

"తిను," అంది. "ఒక్క ముక్క కూడా మిగలకూడదు."