చెన్నపట్నం పోని అన్న

మా అన్నకు చెన్నపట్నం కాలేజీలో ఎం.ఏ. చదవడానికి చోటు దొరికిందని మొదట వచ్చి చెప్పింది రంగప్ప మామ. "ఎం.ఏ. చదివితే మన ఎద్దులు ఇంగ్లీషులో నడుస్తాయా, అల్లుడా?" అని నవ్వాడు కూడా.

అమ్మ నవ్వలేదు. మా పెద్దలు తెలుగు సీమ నుంచి ఈ ఊరికి మోసుకొచ్చిన దేవుడి పెట్టెను ఇంటి పెద్ద కొడుకే తెరవాలి. నాన్న పోయాక ఆ పని అన్నదే. "శుక్రవారం దీపానికి నీవు లేకుంటే ఎట్లరా?" అంది.

మొలతాడుకున్న పెట్టె తాళంచెవిని తిప్పుతూ ఆలోచించడం అన్న అలవాటు.

"పోదునా, అమ్మణ్ణీ?" అన్నాడు చెల్లెలినైన నాతో.

"నీ ఇష్టం అన్నా."

"నా ఇష్టమైతే నిన్నడుగుదునా?"

పొమ్మనడానికి నాకు నోరు రాలేదు. అతను పోలేదు. ఆ ఏడే ఇంట్లో కూర్చోబెట్టి నాకు అక్షరాలు నేర్పాడు. దైవకృపే అనుకుని ఇప్పటికీ ఆ పెట్టెకు దండం పెడతాను, తల మాత్రం ఎత్తలేను. ఇది చదివేవారు ఒక్కసారి మా అన్నను తలచుకోండి.