ఊరికి పోతే

మా బావ నన్ను పదిమందిలో అన్న మాటలు నేను మరిచిపోలేదు. మరిచిపొమ్మని అక్క చాలాసార్లు చెప్పింది. నేను కూడా మరిచిపోతే ఇంకెవరు గుర్తుపెట్టుకుంటారు? విన్నవాళ్ళు నవ్వుకుని ఇళ్ళకు పోతారు. అన్నవాడికి అసలే గుర్తుండదు. పడ్డవాడే మోయాలి.

మొదటి మాట మా నాచారం కాలనీ కమ్యూనిటీ హాల్లో పడింది. నేను అక్కడి ఒక ఫ్యాక్టరీ ఆఫీసులో పీఎఫ్ కాగితాలు చూసేవాణ్ణి. పనిచేసే మనిషి చనిపోతే ఇంటావిడ మొదట వచ్చేది నా బల్ల దగ్గరికే. చెంగిచెర్ల నుంచి వచ్చిన ఒకామె కాగితం నా ముందు పెట్టి అడిగింది. "సార్, గీడ ఆయన సంతకం గావాల్నంట. ఆయన లెక్కనే నేను వెడితె నడుస్తదా?" మొగుడి జీతం ఎంతో, ఏ బ్యాంకులో పడేదో ఆమెకు తెలియదు. ఆయన సంతకం మాత్రం తెలుసు, పిల్లల ప్రోగ్రెస్ కార్డు మీద చూసింది.

మా కాలనీలో ఎవరికీ ఆ గతి పట్టకూడదనుకున్నాను. తెలిసిన ఒక రిటైర్డు బ్యాంకు ఆఫీసరును బతిమాలి ఆదివారం పూట తీసుకొచ్చాను. పొదుపు, బీమా, నామినీ గురించి ఉచితంగా చెబుతానన్నాడు. చాయ్, మిర్చి బజ్జీల ఖర్చు నాదే. బజ్జీలు అయిపోగానే సగం మంది లేచిపోయారు. మిగిలినవాళ్ళకు ఒకటే అనుమానం, ఇతను ఏం అమ్మడానికి వచ్చాడని. వాళ్ళనూ తప్పుపట్టలేను. మా కాలనీలకు వచ్చి డబ్బు గురించి తియ్యగా మాట్లాడినవాడెవడూ సంచిలో ఏదో ఒక స్కీమో, ప్లాటో లేకుండా రాలేదు.

కానీ మా బావ! ఉప్పల్ నుంచి పనిగట్టుకుని వచ్చి, వెనక వరసలో కూర్చుని, అందరికీ వినబడేలా అడిగాడు.

"సార్ ముచ్చట మస్తున్నది. గని మా బామ్మర్ది కమీషనెంత?"

హాలంతా నవ్వింది. ఆఫీసరు కూడా నవ్వాడు. చాయ్ తాగి మరీ నవ్వాడు.

ఇది అన్నది పరాయివాడైతే అంత బాధ ఉండేది కాదు. భువనగిరి అవతలి మా ఊరి నుంచి నన్ను ఈ పట్నానికి తెచ్చింది మా బావే. తను ఫిట్టరుగా పనిచేసే చోట పెద్దసారు ఇంటి చుట్టూ తిరిగి, నాకు ఈ ఉద్యోగం ఇప్పించాడు. తన సైకిల్ నాకిచ్చి తను నడిచాడు. రింగురోడ్డు దగ్గర ఊరి బస్సు ఎక్కొచ్చని ఉప్పల్‌లో ఇల్లు కట్టుకున్నాడు. అలాంటి మనిషి నాకు కమీషన్ అంటగట్టాడు.

రెండో మాట ఇంకా పెద్దది. గుండెకు స్టెంటు వేయించుకుని బావ ఇంటికి వచ్చిన కొత్తల్లో చుట్టాలంతా బత్తాయిలు పట్టుకుని చూడటానికి వచ్చారు. అక్క వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. నాకు నా బల్ల ముందు కూర్చున్న ఆడవాళ్ళు గుర్తొచ్చారు. మనసులో ఉన్నమాట అడిగేశాను.

"బావా, ఎవరి పేరు మీద ఏమున్నదో అక్కకు జెప్పినవా? రేపు నువ్వు పోతే అక్క ఎవల్ని అడగాలె?"

బావ దిండుకు ఆనుకుని చుట్టాలవైపు తిరిగాడు.

"సూసిన్రా? నేనెప్పుడు పోతనా అని మా బామ్మర్ది కుర్చేసుకోని కూసున్నడు."

నేను లేచాను. "పోతున్న" అని చెప్పులేసుకున్నాను. "ఒరేయ్, పోయొస్త అనురా" అని అక్క వెనక నుంచి అరిచింది. నేను తిరిగి చూడలేదు.

తర్వాత చాలా నెలలు ఆ గడప తొక్కలేదు. అక్కే ఫోన్ చేసేది. ఆమె కోపం మొగుడి మీద కాదు, నా మీద.

"దవాఖానల కెళ్ళి వచ్చిన మనిషి ముంగట 'పోతే' అంటవా? ఆయన అన్నది నవ్వులాటకన్నడు. నువ్వు నిజంగ అన్నవ్."

"మరి నువ్వే అడుగు, నీ తీరుగ."

"నాకేం తెల్వదురా గవన్ని. ఆయనే సూసుకుంటడు."

ఈ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. మా అక్కకు లెక్కలు రావా? వీధిలో ఆడవాళ్ళందరి చిట్టీ ఆమె నోటి మీదే నడుస్తుంది. ఎవరు ఎప్పుడు పాడుకున్నారో అడిగితే కూర తరుగుతూ చెబుతుంది. గ్యాసు బండ తెచ్చే అతను చిల్లర దగ్గర ఆమెను ఒక్కసారి కూడా మోసం చేయలేకపోయాడు. తెలియక కాదు, అడగలేక ఊరుకుంది. మొగుడి డబ్బు ఎక్కడుందని అడగడమంటే ఆయన లేని రోజు కోసం సిద్ధపడటమే అని ఆమె భయం. మా మాటల్లో చనిపోయినా పోవడమే, ఊరికి వెళ్ళినా పోవడమే. అందుకే గడప దాటేటప్పుడు 'పోత' అని ఆపకుండా 'పోయొస్త' అంటాం. అలాంటి ఇళ్ళలో నామినీ పాఠం ఏ మాటతో మొదలుపెట్టాలో ఆ ఆఫీసరుకూ తెలియలేదు, నాకూ తెలియలేదు.

మొన్న వానాకాలం బావ నాట్లు చూసుకోవడానికి ఊరికి బయలుదేరుతుంటే, బండి మీద రింగురోడ్డు దాకా దింపమని అక్క ఫోన్ చేసింది. అక్క అడిగింది కాబట్టే వెళ్ళాను. బావ నన్ను చూసి "ఆఁ, కూసో" అన్నాడు. సంచి సర్దుకుంటున్నాడు. అక్క సద్ది కడుతూ, తలెత్తకుండానే అడిగింది.

"మీరు ఊరికి వోతే నాకు పైసలు అవుసరమైతె ఎట్ల?"

"డబ్బాల వెట్టిన గద."

"అవి ఒడిస్తె?"

"రెండు దినాలల్ల వస్త గదనే."

"ఈపాలి కాదు." అక్క ముడి గట్టిగా బిగించింది. "ఎప్పుడన్న మస్తు దినాలకు ఊరికి వోతే?"

సంచి మీద బావ చెయ్యి ఆగిపోయింది. అక్కను చూశాడు, తర్వాత నన్ను చూశాడు. నేను గోడ మీది క్యాలెండరు చూస్తూ నోరు మూసుకున్నాను. అది నాకెంత కష్టమో నన్ను ఎరిగినవాళ్ళకు తెలుసు.

బావ మంచం మీద కూర్చుని చెప్పడం మొదలుపెట్టాడు. పాలసీ కాగితం బీరువాలో ఏ చీర కింద ఉందో, పెన్షన్ ఏ బ్యాంకులో పడుతుందో, అక్కడ ఏ కౌంటరు దగ్గర అడగాలో చెప్పాడు. ప్రతి మాటకూ ముందు 'నేను ఊరికి వోతే' అన్నాడు. అక్క 'ఆఁ, ఆఁ' అంటూ వింది. చిట్టీ లెక్కలాగే అన్నీ తలలోకి ఎక్కించుకుంటోందని నాకు అర్థమైంది. బ్యాంకు నామినీ దగ్గరికి వచ్చేసరికి మాత్రం బావ గొంతు తగ్గింది.

"అండ్ల అమ్మ పేరున్నది."

పెళ్ళికి ముందు తెరిచిన ఖాతా అది. ఆయన తల్లి చనిపోయి చాలా ఏళ్ళయింది, ఊళ్ళో వాళ్ళ చెల్క పొలంలోనే సమాధి చేశారు. నేను పెట్టించిన క్లాసులో ఆఫీసరు సరిగ్గా ఈ సంగతే, నామినీ చనిపోతే పేరు మార్పించాలని, గట్టిగా చెప్పాడు, వెనక వరస దాకా వినబడింది.

"మార్పియ్యాల్నని తెలుసు. మనసొప్పలే. అమ్మ పేరు మీద గీత గొట్టినట్టుంటది."

ఆ మనిషిని నేను అన్నేళ్ళు మొండివాడనే అనుకున్నాను. అక్క వెళ్ళి పక్కన కూర్చుంది.

"గీతెందుకు గొడ్తరు? అత్తమ్మ గూడ ఊర్లనే ఉన్నది గద, మన చెల్క కాడ. ముసల్ది బస్సెక్కి ఉప్పల్ బ్యాంకుకు యాడొస్తది? నేనైతె నడిసి పోయొస్త."

బావ నవ్వాడు. నవ్వుతూనే తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు. సంచి పక్కకు నెట్టి నావైపు తిరిగాడు.

"ఊరికి రేపు వోత. ఏం రా బామ్మర్ది, బ్యాంకు ఎప్పటిదాంక తెరిసుంటది?"

డబ్బు సంగతి ఆయన నన్ను అడగడం అదే మొదలు.

"నా కమీషనెంత బావా?" అన్నాను.

"ముందు గింత అన్నం తిను."

ముగ్గురం బ్యాంకుకు వెళ్ళి వచ్చేసరికి సాయంత్రమైంది. ఇంత చేసినా నేను చెప్పిందే నిజమైందని ఇద్దరిలో ఒక్కరూ అనలేదు. ఆ సంగతీ గుర్తుంటుంది నాకు. గేటు దగ్గర చెప్పులేసుకుని "పోయొస్త" అన్నాను.

"ఇంగోపాలి అను," అన్నాడు బావ మంచం మీద నుంచే. "ఆ దినంది బాకీ ఉన్నవ్."

ఇంకోసారి "పోయొస్త" అని బయలుదేరాను.