గోడ పక్క ఎలక్ట్రాన్లు

మా ఫిజిక్స్ సారు గురువారం పొద్దున పోయారు. గుండెపోటు. మహబూబాబాద్ దవాఖానకు చేరకముందే ప్రాణం పోయింది. మధ్యాహ్నానికల్లా కేసముద్రంలో ఫ్లెక్సీ లేచింది. అందులో మా కాలేజీ కరస్పాండెంట్ ముఖం గుమ్మడికాయంత, సారు ముఖం గోలీకాయంత.

సంతాప సభలో ఆ కరస్పాండెంటే ముందు మాట్లాడాడు. "సారు ఎవ్వల్ని ఒక్క మాట అనలే. గసొంటి మనిషి." పాఠకులారా, అన్నారు. ఈ కరస్పాండెంట్‌నే అన్నారు. సారు మాకు ఆదివారాలు విడిగా చెప్పే క్లాసులోకి ఈయన తలుపు తోసుకొచ్చి "గిది సిలబస్‌ల ఉన్నదా సారూ?" అని అడిగితే, చేతిలో సుద్దముక్క దించకుండానే "నువ్వున్నవా సిలబస్‌ల? నిన్ను భరిస్తలేమా?" అన్నారు.

సిలబస్‌లో లేని ఆ పాఠం ఇది. కొన్ని పదార్థాల లోపల కరెంటు పారదు, పైపొరలోనే పారుతుంది. బలమైన అయస్కాంత క్షేత్రంలో పెడితే ఆ పొర మీది ఎలక్ట్రాన్లు ఉన్నచోటనే గుండ్రంగా తిరుగుతాయి. అంచున ఉన్నవాటికి మాత్రం చుట్టు పూర్తి కాదు. అంచుకు తగిలి, మళ్లి, మళ్లీ తగిలి, ఒకే దిక్కుకు సాగిపోతాయి. అడ్డం వస్తే చుట్టి పోతాయి తప్ప వెనక్కి తిరగవు. బోర్డు మీద చెప్తే సారుకు తృప్తి ఉండేది కాదు. మార్కెట్ యార్డుకు తీసుకెళ్లి మమ్మల్నే ఎలక్ట్రాన్లను చేసి తిప్పేవారు. చెమట డస్టర్ బట్టతోనే తుడుచుకునేవారు, నుదురంతా సుద్ద.

"ఒక్కొక్కటి ఒంటరి అనుకుంటే లెక్క అల్కగ అయితది. కానీ గవి ఒకదాన్నొకటి నెట్టుకుంటయి. గందుకే అన్నీ కలిస్తే, ఒంటరిదానికి రాని కొత్త స్థితి పుడ్తది" అనేవారు. అప్పటికి నా చదువంతా మా విద్యార్థి సంఘం కరపత్రాలే. ఈ మాట కరపత్రంలో వేద్దాం సార్ అన్నాను.

"వెయ్యకు బిడ్డా. ఎలక్ట్రాన్‌కు జెండా లేదు. ముందు లెక్క చెయ్యి."

కోపమొచ్చింది. అయినా కూర్చున్నాను. ఆ లెక్క ఇంకా తెగలేదు.

సభ చివర కరస్పాండెంట్ గొంతు బొంగురు చేసుకొని ప్రకటించాడు. ఆదివారం క్లాసు గదిలో ఇక ఎంట్రన్స్ కోచింగ్ పెడతారట, దానికి సారు పేరట. అంటే మా క్లాసు లేదు. ఆ క్లాసు గడప తొక్కనివాళ్లంతా చప్పట్లు కొట్టారు. బతికుండగా సారు నోరు మూయించలేకపోయినవాళ్లకు, ఆయన పేరు మాత్రం బాగా పనికొచ్చింది.

ఆదివారం మేము యార్డుకే పోయాం. గోడ పక్కన ఒకచోట వడ్ల కుప్ప, దానికి కావలిగా ఒక అవ్వ.

"ఏంది బిడ్డా, గిట్ల తిరుగుతున్నరు?"

"ఎలక్ట్రాన్లం అవ్వా."

"అయితే కాండ్రి. వడ్లు తొక్కకుండ్రి."

నడుమ ఉన్నవాళ్లు ఉన్నచోటనే తిరుగుతున్నారు. గోడ పక్కవాళ్లు తగులుతూ, మళ్లుతూ, కుప్ప దాకా వచ్చి, ఒక్క గింజ తొక్కకుండా దాన్ని చుట్టి, ముందుకే పోతున్నారు.